పెద్దమ్మ చేతిలో పరుగెత్తిన నాడి

మీలో గుండె దిటవు తక్కువైనవాళ్లు ఎవరైనా ఉంటే దీన్ని పగటిపూట, పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టుకుని చదవండి. ఇందులో చల్లబడిపోయిన చెయ్యి ఒకటి ఉంది. చనిపోయిన మనిషి బూట్లు ఉన్నాయి. ఊపిరి ఆగిపోయిన ఒంట్లో గుర్రంలా దౌడు తీసిన నాడి ఉంది. వీటన్నిటినీ మించిన భయంకరమైన ప్రాణి ఇంకొకటి కూడా ఉంది. అది ఇరవై రెండేళ్ల వయసులో ఉన్న నేను. మా పెద్దమ్మకు జబ్బు గిబ్బు ఏమీ లేదని, ఆమె దగ్గరికి వచ్చిపోతున్నది పోయిన పెద్దనాయనేనని గడియారం చేతిలో పట్టుకుని మరీ తేల్చి చెప్పిన ఘనుణ్ని నేనే. నవ్వొస్తే మొహమాటపడకండి. మా మరియక్క మాత్రం ఈ కథకు ఒక్కసారి కూడా నవ్వలేదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. నేను నెక్కొండ స్టేషన్లో టికెట్లిచ్చే గుమస్తాని. బాంబులు పడితే పనికొస్తుందని రైలు ఉద్యోగులకు కాజీపేటలో ప్రథమ చికిత్స తరగతులు పెట్టారు. నెక్కొండ మీద బాంబు వేసేంత తీరిక ఎవరికుంటుందని మీరు అడగొచ్చు. నాకూ ఆ సందేహం వచ్చింది కానీ, తరగతికి పోతే ఆ రోజు డ్యూటీ ఉండదు. అందుకని పోయాను. కట్లు కట్టడం నేర్చుకున్నాను. విరిగిన కాలికి బద్దలు కట్టడం నేర్చుకున్నాను. నాడి చూడటం చెప్పిన రోజు మాత్రం ఆలస్యంగా పోవడంతో వెనక బెంచీ దొరికింది. నా ముందర ఒక గార్డుగారు కూర్చున్నారు. ఆయన వీపు గూడ్సు పెట్టె తలుపంత ఉండేది. ఆ తలుపు సందులోంచి చూస్తే పాఠం చెప్పే పెద్దమనిషి ఎవరిదో మణికట్టు పట్టుకున్నాడని మాత్రం తెలిసింది. ఏ వేలితో పట్టుకున్నాడో కనిపించలేదు. అడిగితే నామోషీ అనుకున్నాను. వేలిదేముంది, ఏ వేలైనా వేలే కదా అనుకున్నాను.

తరగతులు ముగిశాక చొక్కాకు పెట్టుకోమని ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చారు. అది ఛాతీ మీదికి ఎక్కిన క్షణం నుంచి నేను సగం డాక్టర్నయిపోయాను. మిగతా సగం మా నాన్న ఇచ్చిన సెకన్ల ముల్లు గడియారం పూర్తి చేసింది. ఇక నెక్కొండలో టికెట్ కోసం కిటికీలోంచి లోపలికి వచ్చిన చెయ్యి ఏదైనా సరే, నా చేతికి చిక్కకుండా బయటికి పోలేదు. మణికట్టు కింద నాలుగు వేళ్లు ఆసరా పెట్టి, పైన బొటనవేలు గట్టిగా నొక్కి, గడియారం చూస్తూ లెక్కపెట్టేవాణ్ని. ఇదేదో కొత్త రూలు అనుకుని జనం నోరు మెదపకుండా నిలబడేవాళ్లు. బండెక్కాలంటే సర్కారు ముందు నాడి చూస్తుందనే మాట చుట్టుపక్కల ఊళ్లలో పాకింది. జ్వరం వచ్చి తగ్గిన ముసలాయన ఒకాయన భయపడి వరంగల్ దాకా ఎడ్లబండిలో పోయాడని కూడా విన్నాను.

అప్పుడే నేనొక గొప్ప సంగతి కనిపెట్టాను. మనుషులందరి నాడీ ఒక్కటే. మోతుబరిదీ అదే లెక్క, కూలి మనిషిదీ అదే లెక్క, చంకలో పిల్లను ఎత్తుకొచ్చిన తల్లిదీ అదే, ఆ పిల్లదీ అదే. ఒక్కటే తేడా కనిపించేది. బండి ఆలస్యమై స్టేషన్ మాస్టరు నన్ను చీవాట్లు పెట్టిన రోజున ప్రయాణికుల నాడులన్నీ టపటపా కొట్టుకునేవి. పాపం, బండి కోసం ఎంత బెంగపడుతున్నారో అని జాలిపడేవాణ్ని. ఈ సంగతి మీద మా చర్చి యువజన సభలో ప్రసంగం కూడా చేశాను. ధనిక, పేద, కులం, మతం అన్నీ మనం కల్పించుకున్నవని, దేవుడు అందరి ఒంట్లో ఒకే నాడి పెట్టాడని, దానికి నా వేలే సాక్షి అని చెప్పాను. జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు ముసలమ్మలు కళ్లు కూడా తుడుచుకున్నారు.

ఇక మా పెద్దమ్మ సంగతి. సుగుణమ్మ మా అమ్మకు అక్క. వరంగల్ మట్టెవాడలో ఒక ఇరుకు సందులో పెంకుటింట్లో ఉండేది. పెద్దనాయన హనుమకొండ సుబేదారిలో ఒక పెద్ద ఆఫీసు దగ్గర జవానుగా చేసి, ఆ ముందటి ఏడే కాలం చేశాడు. కూతురు మరియక్క కుట్టుమిషను మీద రవికెలు కుడుతూ తల్లి దగ్గరే ఉండేది. అక్క భర్త పటాలంలో ఉండేవాడు. పెద్దనాయనకు ఆఫీసు వాళ్లిచ్చిన నల్ల బూట్లంటే ప్రాణం. పొద్దున్నే వాటిని అద్దంలా తుడిచి అందులో మొహం చూసుకునేవాడు. ఆయన పోయాక పెద్దమ్మ వాటిని నాకిచ్చింది. ఒక వేలెడు పెద్దవి. ముందర గుడ్డపేలికలు కుక్కుకుని తొడుక్కునేవాణ్ని. సెలవు దొరికితే చాలు, బండెక్కి మట్టెవాడ పోయి ఆమె చేతి వంట తిని వచ్చేవాణ్ని.

ఆ రోజు మధ్యాహ్నం వాన పడుతోంది. కిరసనాయిలు దొరకని కాలం కాబట్టి ఎంత మబ్బు పట్టినా దీపం పెట్టేవాళ్లు కాదు. ఇల్లంతా బావిలోపల ఉన్నట్టు మసక. పెద్దమ్మ గోడకు ఆనుకుని గోంగూర తెంపుతోంది. నేను ఎదురుగా, వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాను. పక్క సందులో ఎవరి మేక ఎవరి తోట తిన్నదో చెప్తూ చెప్తూ పెద్దమ్మ ఆగిపోయింది. మాట మధ్యలో ఆగింది. కాడ పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. మొహం బూడిద రంగుకు తిరిగింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అవి నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వాకిలి వైపు చూస్తున్నాయి.

నేను తిరిగి చూశాను. వాన తప్ప ఎవరూ లేరు.

మళ్లీ ఇటు తిరిగేసరికి ఆమె గోడ వెంట పక్కకు జారిపోయింది. పిలిచాను, పలకలేదు. ఇంతలో గుర్రుమని ఒక పెద్ద ఊపిరి తీసింది. బూడిదలా ఉన్న మొహంలోకి బొట్టు బొట్టుగా ఎరుపు పొంగుకొచ్చింది. లేచి కూర్చుని, నిద్రలోంచి లేచిన మనిషిలా నింపాదిగా అన్నది:

“కొడుకా, జర పక్కకు జరుగు. మీ పెద్దనాయినకు తొవ్వ ఇడువు.”

నేను జరిగాను. ఎందుకు జరిగానని మీరు అడుగుతారు. అలాంటప్పుడు మీరైనా జరుగుతారు.

మరియక్క మిషను దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఏం కనిపించిందని అడిగితే పెద్దమ్మ చెప్పింది. ఇల్లంతా పసుపు నీళ్లలో ముంచినట్టు పచ్చగా అయ్యిందట. ఆ పచ్చటి వెలుతురులో పెద్దనాయన గడప దగ్గర నిలబడ్డాడట. తలమీది వాన నీళ్లు తుడుచుకున్నాడట. వారం పది రోజులుగా అమ్మకు తిండి సయించడం లేదని, కడుపులో తిప్పుతోందని అక్క అన్నది. అంటూనే దవాఖానకు తీసుకుపోదామన్నది.

ఇక్కడ నేను నా బిళ్లను సర్దుకున్నాను. గడియారం తీశాను. పెద్దమ్మ మణికట్టు పట్టుకుని బొటనవేలు నొక్కాను. నాడి గట్టిగా, ఒక వరుసలో, తొందర తొందరగా కొడుతోంది.

“దవాఖానల ఏం జేస్తరక్కా? నాడి మంచిగున్నది. నా నాడి ఎట్లున్నదో అచ్చం గట్లనే ఉన్నది,” అన్నాను.

నా జీవితంలో అంత నిజమైన మాట ఇంకెప్పుడూ అనలేదు. అయితే అది ఎంత నిజమో అప్పుడు నాకు తెలియదు.

అక్కకు నా మాట మీద గురి కుదరలేదు. కానీ బిళ్ల నా ఛాతీ మీద ఉంది. పెద్దమ్మకేమో దవాఖాన అంటే పడదు. పైగా వచ్చింది కట్టుకున్నవాడు, ఆయన్ను పంపించేందుకు మందెందుకని అడిగింది. నేను నెక్కొండకు తిరిగిపోయాను. మళ్లీ సెలవుకు వచ్చేసరికి అలా ఇంకొన్నిసార్లు పడిందని తెలిసింది. పడ్డ ప్రతిసారీ లేచి పెద్దనాయన కబురు చెప్పేదట. వాడకట్టు ఆడవాళ్లు మొదట భయపడ్డారు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి, పోయిన తమవాళ్లు కూడా అక్కడ కనిపించారేమో కాస్త అడగమని బతిమాలుకోవడం మొదలుపెట్టారు.

చర్చి అయ్యగారు వచ్చారు. నిదానస్తుడు. ప్రార్థన చేసి, నన్ను బయటికి పిలిచి, ఇది రోగమా కాదా, చదువుకున్నవాడివి నువ్వు చెప్పు అని అడిగారు. మూడుసార్లు నాడి చూశానని, రోగమన్న మాటే లేదని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అయితే మనం ప్రార్థనే చేద్దాం అన్నారు. ఒక మంచి మనిషిని ఆస్పత్రి దారి నుంచి అలా పక్కకు మళ్లించాను. దయ్యాల మీద నమ్మకం లేని అయ్యగారికి కూడా దయ్యాన్ని రుజువు చేసి చూపించినవాణ్ని వరంగల్‌లో నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఆ సాయంత్రమే పెద్దమ్మ ఇంకోసారి పడింది. లేచాక నా మొహం చూడలేదు, నా కాళ్లు చూసింది.

“మీ పెద్దనాయిన బూట్ల సంగతి అడిగిండు. ఎవరు తొడుగుతాండ్రు అని అడిగిండు,” అన్నది.

ఇంట్లో ఉన్నవాళ్లందరి కళ్లూ నా కాళ్ల మీదికి దిగాయి. ఆ బూట్లు అప్పటిదాకా వదులు. ఆ క్షణంలో మాత్రం లోపల ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు బిగిశాయి. గుడ్డపేలికలు వానకు తడిసి ఉబ్బాయని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు చెప్పగల స్థితిలో లేను.

బూట్లు ఎవరివి వాళ్లకు ఇచ్చెయ్యడమే మర్యాద అని పెద్దమ్మ అన్నది. ఇచ్చేది ఎక్కడంటే సమాధుల తోటలో. ఇచ్చేది ఎవరంటే తొడుక్కున్నవాడు. పొద్దు వాలుతుంటే సన్నటి జల్లులో పోయాను. తోటలో గడ్డి మోకాలి దాకా పెరిగి ఉంది. పెద్దనాయన సమాధి పక్కన నిలబడి బూట్లు విప్పి, తుడిచి, తలవైపు జతగా పెట్టాను. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, పెద్దనాయినా, ఎక్కువ నడవలేదు, స్టేషన్లో కూర్చునే పనే అని చెప్పాను. తడి గడ్డి మీద నా ఉత్త కాళ్ల చప్పుడు నాకే వెనకనుంచి వినిపించింది. గేటు దాకా నడిచి వచ్చాను. గేటు దాటాక మాత్రం నడిచినట్టు గుర్తు లేదు.

ఇక పీడ విరగడైందని రాత్రి నిశ్చింతగా తిన్నాను. మర్నాడు పొద్దున పెద్దమ్మ పొయ్యి ముందర పడి లేచింది. లేచి చిన్నగా విసుక్కుంది.

“ఒక్కటే ఉన్నదట కొడుకా. రెండోది ఏదిరా అంటాండు.”

మరియక్క, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్కే ధైర్యం చేసి పోయి చూద్దామన్నది. పోయాం. రాత్రి వానకు గడ్డి ఒరిగి ఉంది. సమాధి తలవైపు ఎడమ కాలి బూటు ఒక్కటే ఉంది, నిండా నీళ్లతో. అక్క అటూ ఇటూ చూసి, కుక్క ఎత్తుకపోయి ఉంటదని అన్నది. అని, కొంగు నడుముకు దోపుకుని, నాకంటే ముందే గేటు వైపు నడిచింది.

ఆ రోజు నుంచి మట్టెవాడలో నేను నడుస్తుంటే జనం చేతులు కొంగుల్లో, కండువాల్లో దాచుకునేవాళ్లు. నాడి చూస్తాడనే భయం కాదు, నా వెంట ఇంకెవరైనా ఉన్నారేమోనని.

ఇప్పుడు అసలు రోజుకు వస్తున్నాను. ఆదివారం. ఆరాధన ముగిసి ఇంటికి వచ్చాం. మిట్ట మధ్యాహ్నమే మొగులు కమ్మి సందంతా సాయంత్రంలా అయింది. పెద్దమ్మ మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. అక్క చెంబు తెచ్చేలోపల వెనక్కి ఒరిగిపోయింది. ఈసారి సంగతేమిటో పూర్తిగా కనిపెట్టాలని మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది. మొహంలో నెత్తురన్నది లేదు. పెదవులు నీలం తిరిగాయి. అక్క ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి నావైపు చూసింది. ఊపిరి లేదు.

కానీ నాడి ఉంది. ఉండటం కాదు, పరుగెడుతోంది. చలనం లేని ఆ చేతిలో నా వేలి కింద టకటకా టకటకా కొడుతోంది. నాకు ఒళ్లు జలదరించింది. జలదరించగానే నాడి ఇంకా వేగం పెంచింది. నా నోరు ఎండిపోయింది. అది మరింత వేగంగా కొట్టింది. నేను భయపడుతున్నానని ఆ లోపల ఉన్నదానికి తెలిసిపోతోంది. నేను ఎంత భయపడితే అది అంత సంతోషంగా గంతులు వేస్తోంది. ఇక లెక్కపెట్టడం మానేశాను. చచ్చిన చేతిలో బతికున్న నాడి ఉందంటే, ఆ నాడి పెద్దమ్మది కాదు కదా. మరి ఎవరిది?

చూశారా, ప్రశ్న సరిగ్గానే వేసుకున్నాను. జవాబు దగ్గరే తప్పిపోయాను.

“అక్కా, చెయ్యి ముట్టకు. పెద్దమ్మ పోయింది. లోపట ఇంకెవరో ఉరుకుతాండ్రు,” అని చెయ్యి వదిలేసి వాకిట్లోకి వచ్చి పడ్డాను.

మరియక్క తల్లి ఛాతీ మీద రెండు చేతులతో తట్టింది. మొహం మీద నీళ్లు కొట్టింది. కాసేపటికి ఆ గుర్రుమనే ఊపిరి మళ్లీ వినపడింది. అక్క గడప దాకా వచ్చి నన్ను చూసింది. గొంతు పెంచలేదు.

“ఎవరున్నా సరే. ముందుగాల నువ్వు పోయి టాంగ పిలుచుకరా.”

గుర్రపు టాంగా పిలుచుకొచ్చాను. తల్లీకూతుళ్లు ఎక్కారు. నేను ఎక్కలేదు, వెనక నడిచి వస్తానన్నాను. వానలో హనుమకొండ దారి పట్టి, ఉత్త కాళ్లతో, ఆ బండి వెనక నడుస్తుంటే పెద్దమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది.

“ఎక్కు కొడుకా, జాగ ఉన్నది. మీ పెద్దనాయిన ముందట కూసున్నడు,” అన్నది.

నేను ఇంకొంచెం వెనక్కి తగ్గాను.

హనుమకొండలో ఆడవాళ్ల దవాఖానకు చేరాం. అక్కడి డాక్టరమ్మ మద్రాసులో చదివొచ్చిన మనిషి. సన్నగా, పొట్టిగా, నెమ్మదిగా ఉంటుంది. పెద్దమ్మను బల్ల మీద పడుకోబెట్టి, బొటనవేలు మొదట్లో మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూసింది. చాలాసేపు చూసింది. నేను తలుపు దగ్గర నిలబడి, అప్పటిదాకా జరిగిందంతా చెప్పాను. నాడి నిక్షేపంగా ఉంటుందని, మనిషి పోయినప్పుడు మాత్రం ఇంకా జోరుగా ఉంటుందని చెప్పాను. ఆమె తల ఎత్తి నా బిళ్లను చూసింది. ఏదీ, ఇప్పుడు చూసి చెప్పమన్నది.

నేను ప్రాణం అరచేత పెట్టుకుని దగ్గరికి పోయి, బొటనవేలు నొక్కి, లెక్కపెట్టి, నిమిషానికి నూట పది అన్నాను.

“ఆవిడ చెయ్యి వదిలెయ్యి బాబూ. ఆ వేలు అలాగే ఈ బల్ల అంచు మీద నొక్కి లెక్కపెట్టు,” అన్నది డాక్టరమ్మ.

నొక్కాను. టేకు బల్ల. కింద నాలుగు కాళ్లు. నా వేలి కింద అది టకటకా కొట్టుకుంటోంది. లెక్కపెట్టాను. నూట పది. నా మొహం చూసి ఆమె అడిగింది:

“బల్లకు కూడా దయ్యం పట్టిందా?”

బొటనవేలిలో సొంత నాడి గట్టిగా కొడుతుందని, అందుకే దానితో ఎవరి నాడీ చూడకూడదని ఆమె చెప్పింది. ఇన్నాళ్లూ నేను లెక్కపెట్టింది నన్నే. నెక్కొండ ప్రయాణికులను కాదు, చంకలోని పిల్లను కాదు, పెద్దమ్మను కాదు. స్టేషన్ మాస్టరు తిట్టినప్పుడు బెంగపడింది నేను. పెద్దమ్మ చల్లబడ్డ చేతిలో పరుగెత్తింది నేను. నా భయాన్ని చూసి నేనే భయపడి, ఆ భయానికి ఇంకా భయపడి, ఒక మనిషిని బతికుండగా వదిలేసి పారిపోయాను.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు పెద్దమ్మ మణికట్టు మీద తేలిగ్గా ఆనించింది. గట్టిగా నొక్కితే నాడి అణిగిపోతుందన్నది. పూర్తి నిమిషం చూడమన్నది. ఎన్నిసార్లు కొట్టిందన్నదే కాదు, కొట్టిన దానికీ కొట్టిన దానికీ మధ్య ఎడం ఒక్క తీరుగా ఉందా లేదా అది కూడా చూడమన్నది.

ఒక దెబ్బ తగిలింది. తర్వాత ఏమీ లేదు. ముల్లు కదులుతోంది. కిటికీ మీద వాన చప్పుడు వినిపిస్తోంది. పెద్దమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఇక రాదేమో అనుకునేసరికి ఇంకో దెబ్బ తగిలింది, ఎక్కడో లోతున ఎవరో తలుపు తట్టినట్టు. మళ్లీ ఏమీ లేదు. సమాధుల తోటలో నాకు అంత భయం వేయలేదు. బూటు ఒక్కటే కనిపించినప్పుడు కూడా వేయలేదు. ఆ రెండు దెబ్బల మధ్య ఖాళీలో మా పెద్దమ్మ ఉందో లేదో తెలియక నిలబడ్డాను. నిమిషం ముగిసేసరికి ముప్పై కూడా దాటలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అరవై నుంచి నూరు దాకా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది.

తర్వాత ఆమె మరియక్కను అడిగింది. కళ్లకు అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయని అంటుందా? అంటుందన్నది అక్క. వాంతులున్నాయా? ఉన్నాయన్నది. ఏదైనా నాటు మందు తాగుతోందా? అక్క ఆలోచించి, మోకాళ్ల నొప్పులకు సంతలో ఎవరో ఆడమనిషి చెప్పిందని గన్నేరు వేరు కాచిన కషాయం తాగుతోందని, అది మొదలుపెట్టి నెల కావస్తోందని చెప్పింది. డాక్టరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. గన్నేరు విషమని, అది గుండె మీదికే పోతుందని చెప్పింది. గుండె కొట్టే దెబ్బ దెబ్బకూ ఎడం పెరుగుతుందని, ఒక్కోసారి మొత్తంగా ఆగుతుందని, అప్పుడు తలకు నెత్తురు అందక మనిషి పడిపోతుందని, మళ్లీ కొట్టగానే మొహంలోకి ఎరుపు వస్తుందని, చూపులోని పచ్చదనం కూడా ఆ విషం గుణమేనని వివరించింది. ఇంకో వారం ఇలాగే గడిచి ఉంటే పెద్దమ్మ లేవని రోజు వచ్చేదని కూడా అన్నది. అది చెప్పేటప్పుడు నావైపు చూడలేదు. చూసినా బాగుండేది.

సూది ఇచ్చారు. దవాఖానలోనే ఉంచుకున్నారు. నేను సెలవు పెట్టి ఆ వరండాలోనే పడి ఉన్నాను. మూడు వేళ్లతో నాడి చూడటానికి కూడా మరియక్క నన్ను తల్లి దగ్గరికి రానివ్వలేదు. అన్నం గిన్నె మాత్రం నా ముందర పెట్టి పోయేది. కొన్ని రోజులకు పెద్దమ్మ నాడి దారికొచ్చింది. లేచి కూర్చుని, దవాఖాన చారు చప్పగా ఉందని గొడవ పెట్టింది. అది విన్నాకే అక్క నన్ను లోపలికి పిలిచింది. అప్పుడు మాత్రం నేను వరండా స్తంభం వెనక్కి పోయి కాసేపు ఏడ్చి, ఆ తర్వాతే లోపలికి వచ్చాను.

పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. కానీ ఇంటికొచ్చిన కొత్తలో ఒక రోజు గోంగూర తెంపుతూ వాకిలి వైపు చూసి, నాతో మెల్లగా అన్నది: “మంచిగ జేసిన్రు తియ్యి. ఇప్పుడు ఆయన వస్తలేడు.” డాక్టరమ్మ అన్నిటికీ కారణం చెప్పింది. రెండో బూటు పోయిందని ఇంట్లో పొయ్యి ముందర కూర్చున్న మనిషికి ఎలా తెలిసిందో మాత్రం చెప్పలేదు. నేను అడగలేదు. మీరు కూడా అడగకండి.

యువజన సభ వాళ్లు మాత్రం నన్ను వదల్లేదు. మనుషులందరి నాడీ ఒక్కటే అన్న ప్రసంగం ఇంకోసారి చేయమని, ఈసారి సాక్ష్యానికి బల్ల తెప్పిస్తామని ఊరంతా చెప్పుకున్నారు. బిళ్లను విప్పి పెట్టెలో అడుగున పడేశాను.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి ముందర, కుడి చెయ్యి ఎత్తి, బొటనవేలు లోపలికి మడిచి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఈ వేలిని ఏ మణికట్టు మీదా పెట్టను. నా చివరి రోజున నా చెయ్యి పట్టుకుని చూడబోయే మనిషికి కూడా ఇదే విన్నపం. దయచేసి మూడు వేళ్లతో చూడండి. బొటనవేలితో చూశారంటే, మీ గుండె చప్పుడు విని నేనింకా ఉన్నానని మావాళ్లకు చెబుతారు. అంత పెద్ద అబద్ధానికి సాక్షిగా అక్కడ పడుకుని ఉండి, నోరు విప్పి కాదని చెప్పలేక నేను పడే ఇబ్బంది పగవాడికి కూడా రాకూడదు.